పాఠం నడుమ ఆగుదాం

హోసూరు వైపు ఒక పల్లెలోని తెలుగు బడిలో నాలుగో తరగతి పాఠం వినే అవకాశం నాకు ఈ మధ్య కలిగింది. ఉపాధ్యాయుడు ఒక్కొక్క వాక్యం చదువుతుంటే పిల్లలందరూ ముక్తకంఠంతో తిరిగి పలికారు. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడా తప్పలేదు. పాఠం ముగిశాక ముందు వరుసలోని పిల్లవాణ్ని “నాగలి అంటే ఏమిటి?” అని అడిగాను. తల వంచుకున్నాడు. “మీ తాత దేంతో దున్నేవాడప్పా?” అన్నాను. “మడకతో సార్!” అంటూ తల ఎత్తాడు.

తన ఇంటి మడకే పుస్తకంలో నాగలి అయిందని ఆ పసివాడికి ఎవరూ చెప్పలేదు. చదువుతున్నంతసేపూ ఎవరూ ఆగి అడగలేదు.

1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే వసతులు కల్పించేందుకు ప్రయత్నించాలని రాష్ట్రాలకు చెబుతోంది. ఆ వసతుల కోసం, బడుల కోసం, ఉపాధ్యాయుల కోసం మన పోరాటం సాగవలసిందే. తమిళనాడులో 2006 నాటి చట్టం తమిళాన్ని మొదటి భాషగా దశలవారీగా తప్పనిసరి చేశాక, తెలుగుకు దక్కే ప్రతి గంటా విలువైనదే. ఆ గంటను వల్లెవేతకు ధారపోస్తే మనకు మిగిలేదేమిటి? అర్థంకాని చదువు పిల్లలకు బరువవుతుంది. ఆ బరువు చూసి తల్లిదండ్రులు మాన్పిస్తారు. పిల్లలు లేరన్న సాకుతో బడి మూతపడుతుంది.

అందుకే ఉపాధ్యాయ మిత్రులకు నాదొక విన్నపం. పాఠాన్ని ఒక్క ఊపున చదివించకండి. ముందుగా మీరు చదువుకొని, ఆగవలసిన మూడు నాలుగు చోట్లు గుర్తు పెట్టుకోండి. మబ్బును చూసి రైతు అడుగుల వేగం పెంచాడని ఉంటే, అక్కడ ఆగి “ఎందుకు?” అని అడగండి. దానికి జవాబు పిల్లల అనుభవంలోనే ఉంటుంది. “తరువాత ఏమవుతుంది?” అని ఊహించమనండి. ఊహించిన పిల్లవాడు అది నిజమో కాదో తేల్చుకోవడానికైనా ముందుకు చదువుతాడు. కొత్త మాట ఎదురైతే వెంటనే అర్థం చెప్పకుండా, ముందువెనుకల వాక్యాలు మళ్లీ చదివించండి. ఆపైన “మీ ఇంట్లో దీన్ని ఏమంటారు?” అని అడగండి. నాగలి పక్కన మడకను, వేరుశనగ పక్కన శెనక్కాయను నల్లబల్లపై రాయండి. పేరా ముగిశాక పిల్లలను ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి, చదివినదాన్ని సొంత మాటల్లో ఒకరికొకరు చెప్పుకోనివ్వండి.

ఇది నేను కొత్తగా కనిపెట్టినది కాదు. 1984లో అనెమరీ పాలిన్‌సర్, ఆన్ బ్రౌన్ అనే అమెరికా పరిశోధకులు తమ అధ్యయనాన్ని ప్రకటించారు. వారు ఎంచుకున్నది, అక్షరాలు బాగానే చదువుతున్నా అర్థం గ్రహించలేని ఏడో తరగతి పిల్లలను. ఊహించడం, ప్రశ్నించడం, తెలియనిదాన్ని తేటపరచుకోవడం, సారాంశం చెప్పడం అనే నాలుగు పనులను ఉపాధ్యాయుడు మొదట తాను చేసి చూపి, క్రమంగా పిల్లలకే అప్పగించగా వారి అవగాహన మెరుగుపడింది. మన బడుల జబ్బూ అదే, మందూ అదే.

ఇలా ఆగుతూ పోతే పాఠాలు పూర్తికావని కొందరు అంటారు. నాకూ ఆ సందేహం లేకపోలేదు. అయితే అర్థంకాని పది పాఠాల కన్నా, ఆరు పాఠాలు చదివి ఏడోదాన్ని తనంతట తాను చదువుకోగలిగిన పిల్లవాడే మన నుడిని నిలబెడతాడు.

తల్లిదండ్రులకూ ఒక మాట. సాయంత్రం బిడ్డ ఇంటికి రాగానే “ఎన్ని పేజీలు చదివావు?” అని అడగకండి. “అందులో ఏం జరిగిందో చెప్పమ్మా” అనండి. పాఠం వంటింటి దాకా మన ఇంటి తెలుగులో నడిచివస్తే, మనం బడి కోసం చేసిన పోరాటానికి ఫలం దక్కినట్టే.