క్రాస్ కటింగ్ తెలిసిన చేతులు

నంద్యాల, ఆళ్ళగడ్డల్లో ఇంటి వసారాలోనే మిషను వేసుకుని జాకెట్లు కుట్టే స్త్రీలకు క్రాస్ కటింగ్ గురించి నేను చెప్పక్కర్లేదు. గుడ్డను ఏటవాలుగా కత్తిరిస్తే సాగి ఒంటికి అమరుతుంది. ఈ పద్ధతిలో మొత్తం గౌన్లే కుట్టి, నడుము బిగించే కార్సెట్‌ను పక్కన పెట్టిన ఫ్రెంచి డిజైనర్ మదలీన్ వియొనే (1876-1975).

ఫ్యాషన్ చరిత్రలు ఆమె కత్తెరను పొగుడుతాయి. సమాజశాస్త్రం చదివిన నాకు ఆమె కార్ఖానా ముఖ్యం. చిన్నతనంలోనే కుట్టుపనిలో చేరిన ఆమె 1912లో సొంత సంస్థ పెట్టింది. పనివాళ్ళకు జీతంతో సెలవులు, ప్రసూతి సెలవు, భోజనశాల, వైద్యుడు ఏర్పాటు చేసింది. ఫ్రాన్సులో జీతంతో సెలవులు అందరికీ చట్టమైంది 1936లో. మన పల్లెల్లో చదువురానితనానికి గుర్తయిన వేలిముద్రను ఆమె తన లేబుళ్ళపై వేసి, నమూనాల దొంగతనాన్ని ఎదుర్కొంది.

కానీ 1939లో ఆమె సంస్థ మూతపడింది. ఆ సౌకర్యాలూ దానితోనే పోయాయి. అందుకే యజమాని మంచితనం చాలదంటాను. మనకు ప్రసూతి ప్రయోజనాల చట్టం 1961లోనే వచ్చింది. అయితే దానికి యజమాని ఒకరు కనిపించాలి. జాకెట్టుకింతని ఇంట్లో కుట్టే స్త్రీకి యజమాని ఎవరు? కాన్పుతో మిషను ఆగుతుంది, రాబడీ ఆగుతుంది. ఆమె శ్రమను ‘ఖాళీవేళల పని’ అనడం మానేసి, పోయిన కూలికి సరిపడా ప్రసూతి భృతిని హక్కుగా ఇవ్వాలని మనం అడగాలి.