పసిబిడ్డలతో విదేశయానము

దూరదేశమున నుద్యోగము చేయు భర్తల కడకు బిడ్డలను వెంటబెట్టుకొని పోవు యువతులు నేడు మన యిండ్లలో నరుదు కారు. పుట్టింటికి పోవునపుడు మరచిన వస్తువును మరునాడెవరిచేతనైనను పంపవచ్చును. ఆకాశమధ్యమున కావలసిన వస్తువును తెచ్చి యిచ్చువా రెవరు?

గత వేసవిలో మా కోడలు మూడేండ్ల బాలికతోను, పదినెలల బాలునితోను హైదరాబాదునుండి న్యూయార్కునకు బయలుదేరగా మేమును తోడు వెళ్లితిమి. ఆవకాయ, కందిపొడి, సున్నుండలు సర్దుటకు వారము దినములు వెచ్చించితిమి. జ్వరపుమందును, బాలిక పరచుకొని నిద్రించు పాతచీరముక్కను మాత్రము, అక్కడికి చేరిన పిమ్మటనే కదా పనిపడునని, పెద్దపెట్టెలో వేసితిమి. విమానము మారుచోట బాలుని యొడలు కాలిపోయెను. మందు పెట్టెలో నున్నది. పెట్టె మా చేతికి రాదు. బాలిక చీరముక్క కొరకై రాత్రియెల్ల నేడ్చెను. విమానాశ్రయములోని మందులకొట్టు వెదకి పట్టుకొనువరకు మా కోడలి ముఖము చూడలేకపోతిమి. తప్పు మాదే. అందుచేతనే యీ మాసము ఈ విషయమును వ్రాయుచున్నాము.

మొదటిది కాగితముల పని. చంటిబిడ్డకైనను వేరుగ పాస్‌పోర్టు కావలెను. మన దేశమున పిల్లల పాస్‌పోర్టు సాధారణముగ 5 సంవత్సరములే చెల్లును గనుక గడువు చూచుకొనవలెను. తల్లి యొక్కతియే పోవునపుడు తండ్రి సమ్మతిపత్రమును దగ్గర నుంచుకొనుట మేలు. రెండేండ్లు నిండని శిశువునకు ప్రత్యేకాసనము కొననక్కరలేదు. చిన్న తొట్టిపడక కావలెనన్నచో ముందుగనే యడుగవలెను. అవి కొన్నియే యుండును.

రెండవది టీకాలు. తట్టు టీకాను మన దేశమున 9 నెలలు నిండిన పిమ్మట మొదటిమారు వేయుదురు. విదేశయానము చేయు 6 మొదలు 11 నెలల శిశువులకును ఒకమారు ముందుగ వేయింపుడని అమెరికా ప్రజారోగ్యశాఖవారు చెప్పుచున్నారు. ఆ దేశమున నది లెక్కకు రాదు. ఏడాది నిండిన పిమ్మట మరల రెండుమారులు వేయింపవలెను. ప్రయాణమునకు రెండు వారములకు ముందే యీ పని ముగియవలెను గాన, టిక్కెట్లు కొన్ననాడే వైద్యుని కడకు పొండు.

మూడవది చేతిసంచి. బిడ్డ బరువునుబట్టి వైద్యుడు వ్రాసిచ్చిన జ్వరపుమందు, చీటితో సహా, ఇందే యుండవలెను. ఓ.ఆర్.ఎస్. పొట్లములు, గంట గంటకు సరిపోవు డైపర్లు, బిడ్డకు రెండు జతలు, తల్లికి నొక జత బట్టలు, బిడ్డ మరగిన గుడ్డయో బొమ్మయో మరువరాదు. ద్రవపదార్థములకు 100 మిల్లీలీటర్ల నియమమున్నను, శిశువు పాలకు, ఆహారమునకు సాధారణముగ మినహాయింపు గలదు. తనిఖీ చేయువారికి ముందుగ చెప్పవలెను.

విమానము దిగునపుడు గాలియొత్తిడి మారి పసివారికి చెవిపోటు కలుగును. అప్పుడు పాలిచ్చినను, మ్రింగుటకు నీరిచ్చినను ఉపశమించును. నిద్రకై మందు పోయుడని కొందరు చెప్పుదురు, వినవలదు. అట్టి మందులవలన కొందరు బిడ్డలు నిద్రింపకపోగా మరింత చికాకుపడుదురు.

అమెరికాలో దిగినపుడు తినుబండారములన్నిటిని అధికారులకు తెలుపవలెను. మాంసపు పచ్చళ్లను సాధారణముగ రానీయరు. దాచినచో జరిమానా పడవచ్చును.

న్యూయార్కునకును మనకును వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలమున పదిన్నర గంటలు కాలభేదము. బిడ్డలు అర్ధరాత్రి లేచి యాడుదురు. కోపింపక, ఉదయమున ఎండలో తిప్పి, రాత్రి దీపము తగ్గించినచో కొన్ని దినములలో కుదుటపడుదురు. ఆ దినములలో తల్లికిని నిద్ర కావలెనని యింటివారు గుర్తింపవలెను.

వచ్చు సంక్రాంతికి మా కోడలు బిడ్డలతో వచ్చుచున్నది. తిరిగి పంపునపుడు చేతిసంచిని మొదట సర్దెదము. జాడీల మాట పిమ్మట చూచుకొందుము.