సహజ రంగంటే కారిపోయే రంగా?

మొన్న పండక్కి హాల్లోకి ఒక చిన్న ఉన్ని తివాచీ కొన్నాను. "అన్నీ సహజ రంగులేనమ్మా, వేర్ల నుంచీ ఆకుల నుంచీ తీసినవి" అన్నాడు అమ్మినతను. రెండు నెలల కిరాణా డబ్బు పోశాను. వారం తిరక్కుండా మా చిన్నాడు దానిమీద గ్లాసుడు నీళ్ళు ఒలకబోశాడు. తుడిచిన గుడ్డ ఎర్రబడింది. కింద టైల్స్ కూడా. ఫోన్ చేస్తే, "సహజ రంగు కదమ్మా, దిగుతుంది మరి" అన్నాడు.

నా కోపం ఆ మాట మీదే. పక్కనే ఉన్న మా వదిన, "ఇంకెప్పుడూ మెషిన్ తివాచీయే కొంటాను" అనేసింది. అబద్ధం అతనిది, నష్టం మాత్రం ఒళ్ళొంచి పనిచేసే అద్దకంవాళ్ళది.

మంజిష్ఠ వేరుతో ఎరుపు ఎక్కించాలంటే ముందు ఉన్నిని పటిక నీళ్ళలో ఉడికిస్తారు. తర్వాత వేరు కషాయంలో సన్నసెగ మీద ఉంచుతారు. పోగుకీ రంగుకీ ముడి వేసేది ఆ పటికే. నీలిమందుకి అదీ అక్కర్లేదు, తొట్టిలోంచి తీశాక గాలి తగిలితే పోగులోనే గట్టిపడుతుంది. చివర్న మిగులు రంగు పోయేదాకా జాడించాలి. నా తివాచీకి వీటిలో ఏదో ఎగ్గొట్టారు, లేదా అది మొక్క రంగే కాదు.

పసుపు ఎండకి వెలుస్తుంది, ఒప్పుకుంటాను. అలాగని అన్నిటినీ ఒకే గాటన కడితే ఎలా?

1851లో లండన్ ప్రదర్శనకి మన వరంగల్ తివాచీలు వెళ్ళాయి. పెర్కిన్ తొలి రసాయన రంగు కనిపెట్టింది 1856లో. అంటే అప్పటి తివాచీల్లో ఉన్నవి చెట్టూచేమా, పురుగూ ఇచ్చిన రంగులే. ఆ తర్వాత వచ్చిన తొలి అనిలిన్ రంగులే ఎండకి వెలిసి, నీళ్ళకి కారి పరువు తీశాయి. తివాచీల పుట్టిల్లయిన ఇరాన్‌లో ప్రభువులు వాటి దిగుమతినే నిషేధించారు. కారిన నింద ఇప్పుడు మంజిష్ఠ మీద వేస్తున్నాం!

తప్పు మనలోనూ ఉంది. అద్దకానికి పట్టే రోజులకి డబ్బివ్వమంటే గీచిగీచి బేరమాడతాం. 'సహజం' అని చీటీ అంటిస్తే మాత్రం నోరెత్తకుండా ఇచ్చేస్తాం. నేనూ అదే చేశాను.

ఈసారి కొనేముందు తెల్ల చేతిరుమాలు తడిపి, తివాచీ మూల గట్టిగా రుద్దండి. రంగు అంటితే, పటిక ఎంతసేపు పెట్టారో, ఎన్నిసార్లు జాడించారో అడగండి. "సహజం కదమ్మా" అన్నారా, లేచి వచ్చేయండి.

నాది ఇప్పుడు పెరటి గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకోడానికి పడుంది.