బడే మియా విద్య ఎక్కడికి పోయింది?

2025 ఆగస్టు 1న భారత ఫుట్‌బాల్ జట్టు శిక్షకుడిగా ఖాలిద్ జమీల్ నియమితుడైనప్పుడు, పదమూడేళ్ళ తర్వాత ఆ బాధ్యత ఒక భారతీయుడికి దక్కిందని అంతా సంతోషించారు. ఆయన ఒకనాడు దేశం తరఫున మిడ్‌ఫీల్డర్‌గా ఆడినవారు. 2016-17లో మిజోరంలోని ఐజాల్ జట్టును ఐ-లీగ్ విజేతగా నిలిపిన గురువు కూడా ఆయనే. సెప్టెంబరులో కాఫా నేషన్స్ కప్‌లో మన జట్టుకు మూడో స్థానం దక్కింది. కానీ అక్టోబరులో గోవాలో సింగపూర్ చేతిలో 1-2తో ఓడి, 2027 ఆసియా కప్‌కు వెళ్ళే దారి మూసుకుపోయింది. గురువు మారినంత మాత్రాన జట్టు మారదు. కింది నుంచి పిల్లలు తయారై రావాలి. ఆ పిల్లలను ఎవరు తయారు చేస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న తెలుగువారిని మరీ సూటిగా తాకుతుంది. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణాలు తెచ్చిపెట్టి, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా జట్టును నడిపిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ హైదరాబాద్ వాసి, వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన 1963లో మరణించారు. ఆ నగరం నుంచే తర్వాతి తరంలో మహమ్మద్ హబీబ్ వచ్చారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచిన జట్టులో ఆయన ఉన్నారు. ఆ ట్రోఫీ మళ్ళీ ఆంధ్రప్రదేశ్‌కు దక్కనేలేదు.

హబీబ్ 1966లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. తర్వాత మోహన్ బగాన్‌కు, మహమ్మడన్ స్పోర్టింగ్‌కు కూడా ఆడారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఉన్నారు. ఆ జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీయే. 1977 సెప్టెంబరులో పీలే ఆడిన కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ 2-2తో సమంగా నిలిచినప్పుడు ఒక గోలు హబీబ్‌దే. 1980లో అర్జున అవార్డు లభించింది. ఎదుటివాడెంత పెద్దవాడైనా తలవంచని పట్టుదల ఆయనది. బెంగాలీలు ఆప్యాయంగా ‘బడే మియా’ అని పిలుచుకున్నారు.

ఆట విరమించాక ఆయన ఏం చేశారన్నది ఇంకా ముఖ్యం. నేర్చింది నేర్పారు. ఎక్కడ? జంషెడ్‌పూర్‌లోని టాటా ఫుట్‌బాల్ అకాడమీలో, బెంగాల్‌లోని హల్దియా అకాడమీలో. సొంత గడ్డను కాదనుకుని వెళ్ళారని ఆయనను నిందించలేం. అక్కడ పిల్లలకు వసతి, భోజనం, చదువు, మైదానం ఒక్కచోట ఉన్నాయి. ఉస్తాద్ ఎంత గొప్పవాడైనా కూర్చోబెట్టే చోటు లేకపోతే షాగిర్దులు ఎక్కడి నుంచి వస్తారు? 2023 ఆగస్టు 15న ఆయన హైదరాబాద్‌లో కన్నుమూసినప్పుడు మనం సంతాపం తెలిపాం. ఆయన విద్యను మాత్రం అంతకు చాలా ముందే పరాయి ఊళ్ళకు అప్పగించేశాం. 2021-22లో ఐఎస్ఎల్ విజేత అయిన హైదరాబాద్ ఎఫ్‌సీ సైతం 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది.

హైదరాబాద్ గోడు మూలపేటకెందుకని కొందరు అనవచ్చు. సమాధానం మన జిల్లాలోనే ఉంది. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న అనే గురువు పల్లెలోనే ఉండి బరువులెత్తడం నేర్పారు. అక్కడి నుంచే కరణం మల్లీశ్వరి బయలుదేరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఐజాల్ కూడా మహానగరమేమీ కాదు. గురువు నిలిచిన ఊరు చిన్నదైనా పేరు పెద్దదవుతుంది.

ఉద్దానం తీరంలో పరుగెత్తే కాళ్ళకు కొదవ లేదు. పద్దెనిమిదేళ్ళు నిండగానే ఆ కాళ్ళు పని వెతుక్కుంటూ రైలెక్కుతున్నాయి. ఫుట్‌బాల్ అందరికీ అన్నం పెడుతుందని చెప్పడం మోసమే అవుతుంది. అయితే ఆట నేర్పడం కూడా ఒక వృత్తి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఇచ్చే శిక్షకుల లైసెన్సుల్లో మొదటి మెట్టు మన వ్యాయామోపాధ్యాయులకు, ఆట మానేసిన యువకులకు అందుబాటులో లేనిదేమీ కాదు. పలాస, టెక్కలి, సంతబొమ్మాళి మండలాల్లో ఒక్కొక్క మైదానం, ఒక్కొక్క శిక్షకుడు, ఆయనకు నెలనెలా గౌరవ వేతనం ఉంటే చాలు, పని మొదలవుతుంది. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన మూలపేట రేవు కోసం ఈ తీరం నేల ఇచ్చింది. ఆ రేవు పేరున పిల్లలకు ఒక మైదానం అడగడం అత్యాశ కాదు.

ఆటగాడి కీర్తి అతనితోనే పోతుంది. అతడు తయారుచేసిన పిల్లలు మిగులుతారు. మరో హబీబ్ మన మధ్య పుడితే, ఆయన నేర్పే చోటు ఈసారైనా మన ఊళ్ళో ఉండాలి.