కారం మెచ్చారు, బాగుంది. మరి కాయ ధర మాటేమిటి?

ఈ మధ్య గుంటూరులో జరిగిన ఒక ఆహార మేళాకు మన సంఘం కార్యకర్తలం నలుగురం వెళ్ళాం. గోంగూర, పండుమిరప పచ్చడి, నాటుకోడి పులుసు, జొన్నరొట్టె. జనం కిటకిటలాడుతున్నారు. అందులో చాలామంది తెలుగు రానివాళ్ళు, అమరావతి చుట్టుపక్కల ప్రైవేటు యూనివర్సిటీల్లో చదువుకోవడానికి ఉత్తరాది నుంచి వచ్చిన పిల్లలు. వేడన్నంలో పండుమిరప పచ్చడి కలుపుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, ఇంకాస్త నెయ్యి అడిగి మరీ తిన్నారు.

"సెల్‌ఫోన్‌లో ఫొటో కోసం తింటున్నారు లెండి" అని మనవాళ్ళే ఒకరిద్దరు వెటకారం చేశారు. ఆ మాట తప్పు. అసలు మిరపే బయటి నుంచి వచ్చిన పంట. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో మన దేశానికి చేరింది. అంతకుముందు మన కూరల్లో ఘాటంటే మిరియాలదే. వచ్చిన పంటను ఇంటిపంట చేసుకున్న మనం, వచ్చిన మనిషి తింటుంటే మూతి తిప్పుకోవడమేమిటి?

మా తగాదా ఆ పిల్లలతో కాదు, మేళా పెట్టినవాళ్ళతో. ఒక కుర్రాడు పక్కనున్న తెలుగు స్నేహితుడి చేత అడిగించాడు: "ఈ మిరప పండించేవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?" స్టాల్ వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఫ్లెక్సీ నిండా గుంటూరు ఘాటే, వేదిక మీద మాత్రం ఒక్క రైతూ లేడు. జవాబు మేమే చెప్పాల్సి వచ్చింది.

ఎకరా మిరపకు పెట్టుబడి లక్ష దాటి చాలాకాలమైంది. కౌలు అదనం. 2021-22లో నల్ల తామర పురుగు పడి పూత పూతంతా రాలిపోతే, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో చేలకు చేలే పీకేశారు. 2023లో తేజ రకం క్వింటా ఇరవై వేలు దాటింది కదాని మళ్ళీ ఆశపడి వేస్తే, 2025 మొదట్లో ధర కుప్పకూలింది. పత్తికి పేరుకైనా మద్దతు ధర ఉంది, తేమ సాకు చెప్పి కొనకపోవడం వేరే కథ. మిరపకు ఆ పేరు కూడా లేదు. సుగంధ ద్రవ్యమట, జాబితాలోకి రాదట! రైతులు రోడ్డెక్కాక 2017లో క్వింటాకు 5,000 అన్నారు. 2025 ఫిబ్రవరిలో 11,781 అన్నారు, అదీ 2.43 లక్షల టన్నుల వరకే. రెండుసార్లూ ధర పడిపోయాకే ఢిల్లీకి మెలకువ వచ్చింది.

ఆ కుర్రాడికి ఇంకో సంగతీ చెప్పాం. మన తిండికి అలవాటుపడిన కొత్తవాళ్ళలో అతను మొదటివాడు కాదు. ఏటా కోతల కాలానికి కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు మన చేలకు వస్తాయి. గట్టు పక్కన పట్టా కప్పిన గుడిసెలో మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద జొన్నరొట్టె. అందులోకి మన చేలగట్టు మీది గోంగూర, మన మిరపకాయ నూరిన కారం. చేతులు మంటలు పుడుతున్నా ఆ కారమే తింటారు. వాళ్ళ పిల్లల బడి ఆ నెలల్లో ఆగిపోతుంది. ఒక్కోచోట తాగేనీళ్ళు కూడా మోసుకురావాలి. ఇందులో మన రైతుల తప్పూ ఉంది, ఒప్పుకోవాలి. మనకు ధర రాలేదని కూలిరేటు దగ్గర బిగదీసేది మనమే.

మేళాలో జొన్నరొట్టెను 'సంప్రదాయ వంటకం' అని బోర్డు పెట్టి అమ్మారు. దాన్ని రోజూ కాల్చుకు తినే మనిషి ఆ గేటు దాటి లోపలికి రాగలడా?

మిరపను మద్దతు ధరల జాబితాలో చేర్చాలి. కోతల కాలంలో వలస కూలీల పిల్లలకు చేల దగ్గరే బడి నడపాలి. ఈ రెండు డిమాండ్లతో మండల కార్యాలయాల్లో వినతిపత్రాలు ఇస్తున్నాం. వచ్చే మేళాలో మన సంఘానికి కూడా ఒక స్టాల్ కావాలని నిర్వాహకులకు ఉత్తరం రాశాం. అక్కడ రొట్టె కాల్చేది కోతకు వచ్చిన ఆడవాళ్ళే, రోజు కూలికి తగ్గకుండా డబ్బు ఇచ్చి పిలుస్తాం. పచ్చడి గిన్నె పక్కన ఒక పలక పెట్టి, ఆ పొద్దున యార్డులో తేజ ఎంతకు పోయిందో, ఆ క్వింటా పండించడానికి ఎంత ఖర్చయిందో సుద్దతో రాస్తాం.