అరుగుతున్న మోకాళ్లు.. తరుగుతున్న పనిదినాలు

హనుమాన్ జంక్షన్: జాతీయ రహదారిపై ఉన్న ఈ కూడలికి ఒకవైపు డెల్టా వరిచేలు, మరోవైపు నూజివీడు మామిడితోటలు. నాట్ల బురదలో రోజంతా వంగి నిలిచే మహిళలు, 75 కిలోల ధాన్యం బస్తాలు మోసే హమాలీలు మోకాలి నొప్పిని వయసుతో వచ్చే వాతమని సరిపెట్టుకోవడం పరిపాటి. వైద్యపరిభాషలో దీని పేరు ఆస్టియో ఆర్థరైటిస్.

గుజ్జు అరగడమే కాదు

‘గుజ్జు అరిగింది’ అన్న వాడుకమాటలో సగమే నిజముంది. ఎముకల చివర ఉండే మృదులాస్థి పలచబడటంతోపాటు దాని కింది ఎముక, కీలు పొర, చుట్టూ ఉండే కండరాలు సైతం దెబ్బతింటాయి. ఉదయం లేవగానే కీళ్లు బిగుసుకున్నా సాధారణంగా అరగంటలోపే సడలుతాయి. బిగుతు గంటకు మించినా, కీలు ఎర్రబడి జ్వరం వచ్చినా అది వేరే వ్యాధి కావచ్చు. వెంటనే వైద్యుని చూడాలి.

ఎవరికి ముప్పు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 52.8 కోట్ల మంది ఈ వ్యాధితో ఉన్నారు. వారిలో 60 శాతం మహిళలే. 73 శాతం మంది 55 ఏళ్లు దాటినవారు. రుతుక్రమం ఆగిన స్త్రీలు, స్థూలకాయులు, గతంలో మోకాలికి దెబ్బ తగిలినవారు, కుటుంబంలో ఈ వ్యాధి ఉన్నవారు జాగ్రత్త పడాలి. గొంతుకూర్చుని పనిచేసేవారికి, బరువులు మోసేవారికీ ముప్పు అధికం. వ్యవసాయ కూలీల్లో ఇవి ఒకటికి రెండు కలిసే ఉంటాయి.

మాత్రతో తీరదు

నొప్పి మాత్ర మింగి మళ్లీ పనిలోకి దిగడం అసలు ప్రమాదం. సలహా లేకుండా నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. నడిస్తే మరింత అరుగుతుందన్న భయమూ సరికాదు. తొడ కండరాలను బలపరిచే వ్యాయామమే తొలి చికిత్స. కిలో బరువు తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలిపై నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

కీలుమార్పిడి చివరి మార్గం. కృత్రిమ మోకాలి ధరలకు 2017 ఆగస్టులో కేంద్రం గరిష్ఠ పరిమితి విధించడంతో కొంత ఊరట లభించింది. అయితే శస్త్రచికిత్స తర్వాత కోల్పోయే పనిదినాలకు పరిమితి విధించేవారెవరూ లేరు. బస్తా బరువు తగ్గించడం, పని మధ్య విరామమివ్వడం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వ్యాయామం నేర్పడం పెద్ద ఖర్చుతో కూడినవి కావు. రెక్కాడితేగాని డొక్కాడని ఇంటికి మోకాలే పెట్టుబడి. దానిని కాపాడటం కూలీ ఒక్కరి బాధ్యతే కారాదు.