ఎంఎస్ బ్లూని బూడిద చెయ్యకండి

సెప్టెంబర్ 16 పుట్టినరోజు, డిసెంబర్ 11 వర్ధంతి. ఆ రెండు రోజులూ ఫోన్ తెరిస్తే ఎం.ఎస్. సుబ్బులక్ష్మి ఫొటోలే. వాటిలో కొన్ని చూడగానే తెలిసిపోతుంది, అసలుది కలర్ ఫొటో అనీ, ఎవరో పనిగట్టుకుని రంగు పీకేశారనీ. మూసుకున్న కళ్ళు, రెండువైపులా వజ్రపు ముక్కుపుడకలు, వెనకంతా చీకటి. కింద ‘లెజెండ్’ అనే మాట, ఒక దణ్ణం ఎమోజీ.

ఎందుకు పీకేశారు? రంగు ఉంటే గొప్పతనం తగ్గుతుందా?

ఇంకెవరి విషయంలోనైనా సర్దుకుపోవచ్చేమో. ఇక్కడ పోయింది మామూలు రంగు కాదు. కంచిపట్టులో ఒక నీలానికి ఏకంగా ఆవిడ పేరే పెట్టుకున్నారు. ‘ఎంఎస్ బ్లూ’ అంటే పట్టుచీరల కొట్టులో ఇప్పటికీ అర్థమవుతుంది. ఒక రంగుకి తన పేరిచ్చిన గాయని ఫొటోలోంచి ఆ రంగునే తీసేసి, దాన్ని ‘క్లాసిక్’ అనడానికి చాలా ధైర్యం కావాలి.

బ్లాక్ అండ్ వైట్ మీద నాకు పగేం లేదు. 1954లో యూసుఫ్ కార్ష్, చెల్లో విద్వాంసుడు పాబ్లో కజాల్స్‌ని ఫ్రాన్స్‌లోని ప్రాడ్ దగ్గర ఒక పాత మఠంలో ఫొటో తీశాడు. అందులో ముఖం లేదు, వీపు ఉంది. రాతిగోడ, పైనెక్కడో చిన్న కిటికీ. ఫ్రాంకో పాలన ఉన్నంతకాలం స్పెయిన్‌లో అడుగుపెట్టనని భీష్మించుకున్న మనిషి ఒంటరితనం ఆ వీపులో ఉంది. పోర్ట్రెయిట్ తీస్తూ ముఖాన్నే వదులుకోవడానికి తెగింపు కావాలి. శాచురేషన్‌ని సున్నాకి లాగడానికి బొటనవేలు చాలు.

సరే, బ్లాక్ అండ్ వైటే ముద్దు అంటారా? ఎమ్మెస్‌దే ఒకటుంది, 1937 నాటిది. పక్కన నర్తకి బాలసరస్వతి. ఇద్దరికీ ఇరవై అటూ ఇటూ. ఇద్దరూ చారల పైజామాల్లో, సిగరెట్లు పట్టుకుని! ఇద్దరూ దేవదాసీ సంప్రదాయపు కుటుంబాల్లోంచి వచ్చినవాళ్ళు. అలాంటి ఆడవాళ్ళు ఎలా ఉండాలో, అసలు ఉండాలో వద్దో మద్రాసు పెద్దమనుషులు తెగ వాదించుకుంటున్న రోజులవి (చట్టం 1947లో వచ్చింది). ఆ వాదనల మధ్య ఈ ఇద్దరమ్మాయిలూ తమకి నచ్చిన బట్టలేసుకుని, తమకి నచ్చిన వేషంలో కెమెరా ముందుకొచ్చారు.

ఈ ఫొటో నెట్‌లో తిరగకపోలేదు. కానీ ‘షాకింగ్’ అనో, ‘నిజంగా ఎమ్మెస్సేనా?’ అనో ఒక తోక తగిలించుకునే తిరుగుతుంది. వర్ధంతికి దీన్ని పెట్టినవాళ్ళని నేనింతవరకూ చూడలేదు. ఆ రోజుకి మనకి కావాల్సింది నలుపూ తెలుపూ కాదు మరి, విభూతి.

తెలుగువాళ్ళం మరీనూ. పొద్దున్నే సుప్రభాతం, ఆ తర్వాత టీటీడీ కోసం పాడిన అన్నమయ్య కీర్తనలు. తిరుపతిలో విగ్రహం కూడా పెట్టుకున్నాం. గొంతు గుడి మైకులోంచి వినబడింది కాబట్టి మనిషి కూడా గర్భగుడిలోనే ఉండాలి మనకి. సినిమాల్లో నటించిందని, ‘సేవాసదనం’ 1938లో వచ్చిందని, అంటే ఈ సిగరెట్ ఫొటో తర్వాత ఏడాదికేనని గుర్తుచేస్తే చాలామంది ముఖాలు అదోలా అవుతాయి.

ఒక ఫిల్టర్ గురించి ఇంత గొడవా అంటారేమో. గొడవే. ఇవాళ కచేరీ చేసే అమ్మాయి జాకెట్టు గురించీ, నవ్వు గురించీ వచ్చే కామెంట్లు చదవండి. ‘ఎమ్మెస్‌ని చూసి నేర్చుకో’ అంటారు. ఏ ఎమ్మెస్‌ని? రంగు పీకేసి, కళ్ళు మూయించి, పక్కన ఇంకో మనిషి లేకుండా క్రాప్ చేసిన ఎమ్మెస్‌ని. బాలసరస్వతి పక్కన పైజామాలో ఉన్న ఆ అమ్మాయి గొంతూ ఇదే కదా.

వచ్చే డిసెంబర్‌కి పోస్టర్లు చేసేవాళ్ళు ఇప్పటికే ఫొటోలు వెతుక్కుంటూ ఉంటారు. బాబూ, నీలాన్ని నీలంగానే ఉంచండి. నలుపూ తెలుపూ లేనిదే కుదరదంటే 1937ది పెట్టండి. సిగరెట్ మాత్రం క్రాప్ చెయ్యొద్దు.